ఎందుకు, ఎన్నాళ్లు?

మా ఏజెన్సీ బడుల్లో పదో తరగతి పిల్లల్ని ఏమవుతారని అడిగితే ఒకప్పుడు టీచరు, నర్సు, పోలీసు అనేవాళ్లు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ అంటున్నారు. మాకు సంతోషమే. పోడు చేసి, అడ్డాకులు ఏరి చదివించిన తల్లిదండ్రుల పిల్లలు ఆ కుర్చీలో ఎందుకు కూర్చోకూడదు? అయితే అక్కడికి పంపే ముందు వాళ్లతో ‘దేశ భద్రత’ అనే మాట గురించి మాట్లాడాలి.

దేశానికి కాపలా వద్దని మేం అనడం లేదు. చేనుకు మంచె కావాలి. సైన్యంలో, పోలీసుల్లో మా పిల్లలూ ఉన్నారు. మా ప్రశ్న ఒక్కటే: ప్రభుత్వం ఆ మాట అనగానే కారణం అడిగే హక్కు మనకు పోతుందా?

మా ఊళ్లలో మామిడి కొత్త పండుగ అయ్యేదాకా కాయ కోయరు. ఎందుకో, ఎన్నాళ్లో ఊరందరికీ తెలుసు. పండుగ కాగానే ఆ కట్టు విడిపోతుంది. కట్టుబాటు అంటే అది.

2019 ఆగస్టులో కాశ్మీర్‌లో ఫోన్లు, ఇంటర్నెట్ ఆపేశారు. నిరవధికంగా ఆపడం చెల్లదనీ, ఉత్తర్వులను ప్రజల ముందు పెట్టాలనీ సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పింది. అయినా అక్కడ అంతటా 4జీ తిరిగొచ్చింది 2021 ఫిబ్రవరిలోనే. మధ్యలో కరోనా వచ్చింది, బడులు మూతబడ్డాయి. పిల్లలు 2జీతో ఆన్‌లైన్ పాఠాలు వినాల్సొచ్చింది. వాళ్లలోనూ సాఫ్ట్‌వేర్ చదవాలనుకున్నవాళ్లు ఉంటారు కదా.

అడవికీ ఈ మాట వచ్చింది. 2023 అటవీ సవరణ చట్టం ప్రకారం, సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపు దేశ భద్రతకు సంబంధించిన రోడ్లు, రైలు మార్గాల వంటివాటికి ఆ చట్టం కింద అనుమతి అక్కర్లేదు. ఈశాన్య రాష్ట్రాల ఆదివాసుల అడవులు చాలావరకు ఆ గీత లోపలే ఉన్నాయి.

ఇక పెగాసస్. అది ఇజ్రాయెల్ కంపెనీ తయారుచేసిన నిఘా సాఫ్ట్‌వేర్. ప్రభుత్వాలకే అమ్ముతామని ఆ కంపెనీయే చెప్పింది. మన దేశంలో పాత్రికేయుల, హక్కుల కార్యకర్తల ఫోన్లపై దాన్ని గురిపెట్టారని 2021లో వార్తలొచ్చాయి. కోర్టు అడిగితే, భద్రత విషయం కాబట్టి వివరాలు చెప్పలేమంది ప్రభుత్వం. ఆ మాట అన్నంత మాత్రాన తప్పించుకోలేరని 2021 అక్టోబరు 27న కోర్టు కమిటీ వేసింది.

కొన్ని రహస్యాలు ఉంటాయి, నిజమే. సైన్యం ఎటు కదులుతుందో దండోరా వేయమని ఎవరూ అడగరు. కానీ జడ్జికి కూడా చెప్పనంటే, దాచేది శత్రువు నుంచా, మన నుంచా?

పెగాసస్‌ను మంత్రులు రాయలేదు. జీతానికి పనిచేసే ఇంజనీర్లు రాశారు. రేపు అలాంటి పనే మా పిల్లల ముందుకొస్తుంది. ‘ఇది భద్రత పని, ప్రశ్నలు అడగొద్దు’ అంటారు. ఇంట్లో మొదటి నెల జీతగాడు అతనే అయితే, చెల్లెలి ఫీజు, నాన్న మందులు ఆ జీతం మీదే నడుస్తుంటే, ఒంటరిగా కాదనడం తేలిక కాదు. అందుకే ఆ అలవాటు బడిలోనే పడాలి. టీచరు చెప్పినా, సర్పంచ్ చెప్పినా, కలెక్టర్ చెప్పినా ఎందుకు, ఎన్నాళ్లు, ఎవరికి జవాబుదారీ అని నలుగురూ కలిసి అడగాలి. కోడ్ రాయడం ఎవరైనా నేర్పుతారు. ఇది నేర్పాల్సింది మనమే.