బోటు పేరుపలక చెక్కబోయే అల్లుడికి

ఏరా అల్లుడూ, తాళ్లరేవులో కొత్త బోటుకి పేరుపలక చెక్కే పని ఒప్పుకున్నావట, సంతోషం. ఉలి పట్టడం నీకు నేను నేర్పక్కర్లేదు. సరుకు కొనే ముందు మాత్రం నా మాట కాస్త విను.

టేకే తీసుకో. అందులోనూ చేవ భాగమే. అంచున తెల్లగా కనబడే చెక్క ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు, ముందు పుచ్చేది అదే. టేకు మన్నికంటావా, 1817లో బొంబాయిలో వాడియా కుటుంబం కట్టిన ట్రింకోమలీ యుద్ధనౌక ఇంగ్లండులో హార్టిల్‌పూల్ రేవులో ఇప్పటికీ తేలుతూనే ఉంది. మరమ్మతులు జరిగాయనుకో, అయినా దాని ఒళ్లు మలబారు టేకు. ఆ చెక్కను కాపాడే నూనే రంగును మాత్రం పట్టనివ్వదు. అందుకని ఎసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే మొదటి పూత వేసెయ్యి. మర్నాటికని వదిలేశావా, నూనె మళ్లీ పైకి ఊరుతుంది.

అక్షరాలు ఉబ్బెత్తుగా కాక, లోపలికి గాడిగా చెక్కు. మన లిపిలో గుండ్రాలెక్కువ. అక్షరం చిన్నదైతే గుండ్రం మధ్య మిగిలే చెక్కముక్క ఇట్టే ఎగిరిపోతుంది. అంచుల్ని ఎమిరీ కాగితంతో కొంచెం మొద్దుబార్చు, పదునైన అంచు మీద ఏ పూతా మందంగా నిలవదు. పలక రెండు కొసలకీ, స్క్రూ కన్నాల లోపలికీ, వెనకవైపుకీ కూడా పూత పట్టించు. ఎదుటి వైపు మెరిపించి వెనక వదిలేసిన పలకలే తొందరగా చెడతాయి, నీళ్లు తాగేది అక్కణ్ణించేగా.

ఓనరు వార్నిషు మెరుపు అడుగుతాడు. మన ఎండకి అది పొరలు లేస్తుంది. ఏటా గీకి మళ్లీ వేయించే ఓపిక ఉందేమో ముందే అడుగు. లేదంటే పాలీయురెథేన్ రంగే మేలని నా పట్టు. ఎపాక్సీ ఒక్కటే వేసి ఊరుకోకు, ఎండకి సుద్దలా రాలుతుంది. అడుగున ఎపాక్సీ, పైన రంగు. బంగారు రేకు అడిగితే అసలుదే వెయ్యి, దాని మీద వార్నిషు అక్కర్లేదు. ఇత్తడి రేకైతే ఉప్పుగాలికి నల్లబడుతుంది.

ఇత్తడి స్క్రూలూ వద్దు. ఉప్పునీటికి వాటిలో జింకు పోయి, ఎర్రబారి, తిప్పబోతే తల ఊడొస్తుంది. స్టెయిన్‌లెస్ అనగానే షాపువాడు 304 చేతిలో పెడతాడు. నీకు కావలసింది 316. చూపుకి రెండూ ఒకటే కాబట్టి, ఆ నంబరు బిల్లు మీద రాయించుకుని మరీ తెచ్చుకో.