విద్యకు ముందు విశ్రాంతి

కాలినడకన తిరుమల కొండ ఎక్కు యాత్రికుడు అలిపిరి వద్ద ఒకింతసేపు నిలుచును. పాదాల మండపమునకు మ్రొక్కి, ఊపిరి కుదుటపరచుకొని, పిదప మొదటి మెట్టుపై కాలు మోపును. ఇంటినుండి అలిపిరి వరకు పరుగెత్తి వచ్చినవాడు ముందుగా చేరిన మాట నిజమే. కాని పై నున్న మోకాళ్ల పర్వతమును అతడెట్లు ఎక్కగలడు? దారి దీర్ఘమైనపుడు, దానికి ముందు లభించిన కొద్దిపాటి వ్యవధిని ఎట్లు గడుపవలెనను ప్రశ్న చిన్నదిగా తోచును. నిజమునకు అది చిన్నది కాదు.

వైద్యవిద్యలో ప్రవేశింపబోవు బిడ్డలున్న గృహములలో ఏటేటా ఈ ప్రశ్న పుట్టుచున్నది. నేడు ఎం.బి.బి.యస్. చదువగోరువారు నీట్ అను ప్రవేశపరీక్ష వ్రాయవలెను. 2025లో ఆ పరీక్షయందు మూడు గంటలలో 180 ప్రశ్నలకు, 720 మార్కులకు సమాధానములు వ్రాయవలసి వచ్చినది. ఆ మూడు గంటల కొరకు బాలబాలికలు రెండేండ్లు, కొందరు మూడు నాలుగేండ్లు, కోడికూతకు ముందే లేచి రాత్రి పొద్దుపోవువరకు పుస్తకములకు అంకితమగుచున్నారు. పండుగలు, పెండ్లిండ్లు, తోబుట్టువులతో ముచ్చట్లు అన్నియు వాయిదాపడును. 2023, 2024, 2025 సంవత్సరములలో ఈ పరీక్ష మే మాసారంభమున జరిగినది. తరగతులు మొదలగునప్పటికి సెప్టెంబరో, అక్టోబరో అయినది. ఇంచుమించు నాలుగైదు మాసములు విద్యార్థి చేతిలో మిగిలినవి.

ఈ కాలమున బిడ్డ ఏమి చేయవలెను? తండ్రి అనాటమీ గ్రంథమును కొని తెచ్చి, “ముందుగా చదివినవాడే ముందుండును” అనును. తల్లి బిడ్డ ముఖము చూచి, “కొన్నాళ్లు కంటినిండ నిద్రపోనిండు” అనును. ఇద్దరి మాటలకును మూలము వాత్సల్యమే. అందువలననే ఈ వివాదము తీరుట కష్టము.

తండ్రి భయమును తేలికగా త్రోసివేయరాదు. మొదటి సంవత్సరమున దేహనిర్మాణమును తెలుపు అనాటమీ, అవయవముల వ్యాపారమును తెలుపు ఫిజియాలజీ, దేహమునందలి రసాయనక్రియలను తెలుపు బయోకెమిస్ట్రీ నేర్వవలెను. ఎదిగిన మానవుని దేహమున 206 ఎముకలు కలవు. వాటి పేర్లు తెలిసినంత మాత్రమున చాలదు. ఏ ఎముకపై ఏ గట్టునుండి ఏ కండరము పుట్టినది, ఏ నాడి దానిని కదిలించును, ఏ రక్తనాళము పోషించును అని తెలియవలెను. జాతీయ వైద్య కమిషన్ 2023లో చేసిన నిబంధనలు మొదటి సంవత్సరపు పరీక్షకు నాలుగు ప్రయత్నములకు మించి అవకాశమీయలేదు. తన ఊరిలో ప్రథముడైన బాలుడు అక్కడ తనవంటి ప్రథముల నడుమ కూర్చుండును. భయము సహజమే.

అయినను ఒక సంగతి ఆలోచింపదగినది. ఆ విద్య గ్రంథమాత్రముచే లభించునది కాదు. మరణానంతరము తన దేహమును విద్యకై దానముచేసిన ఒక మహానుభావుని ఎదుట విద్యార్థి నిలువబడును. అనేక కళాశాలలలో ఆ దేహమును ప్రథమ గురువుగా భావించి, గౌరవముతో మెలగుదుమని ప్రమాణము చేసిన పిదపనే విద్యార్థులు పాఠమారంభింతురు. ఆ గురువును దర్శింపకమున్ను వల్లించిన పేర్లు పేర్లుగానే మిగులును. కొండదారిలోని మండపముల పేర్లు ఇంటిలో కంఠస్థము చేసినవాడు కొండ ఎక్కినవాడు కాడు గదా! 2019లో అమలులోనికి వచ్చిన పాఠ్యప్రణాళికయు ఈ క్రమమునే గుర్తించినది. చదువు ఆరంభముననే ఫౌండేషన్ కోర్సు అను పరిచయ శిక్షణ నేర్పరచి, ఆసుపత్రి పరిచయము, వృత్తిధర్మము, స్థానికభాష, క్రీడలు మున్నగువాటికి అందు చోటిచ్చినది. నేర్పువారే మెట్టు వెంట మెట్టు కట్టియుండగా, నేర్చువాడు అన్ని మెట్లను ఒక్క గంతులో దాటగోరుట ఎందులకు?

శ్రీమద్రామాయణమున ఈ విషయమునకు వెలుగునిచ్చు ఘట్టమొకటి కలదు. యాగరక్షణకై విశ్వామిత్రుడు రామలక్ష్మణులను వెంటబెట్టుకొని సరయూతీరమున నడచెను. ముందు తాటక యున్నది, ఆ పిదప మారీచ సుబాహులున్నారు. మహర్షి వద్ద దివ్యాస్త్రములకు కొరత లేదు. అయినను ఆయన తొలిరోజున అస్త్రముల నీయలేదు. బల, అతిబల యను విద్యల నుపదేశించెను. శ్రమను, ఆకలిదప్పులను దరిచేరనీయకుండుటయే ఆ విద్యల ఫలము. ఆ రాత్రి రాజకుమారులు నదీతీరమున తృణశయ్యపై నిద్రించిరి. తాటకవధానంతరము గాని దివ్యాస్త్రములు వారికి లభింపలేదు. అలసట నెట్లు జయింపవలెనో తెలిపిన తరువాతనే ఆయుధమును చేతికిచ్చెనన్నమాట. ఈ క్రమమును ఆ గురువు ఊరక ఎంచుకొనియుండడు.

భగవద్గీత ఆరవ అధ్యాయమున శ్రీకృష్ణపరమాత్మయు, అతిగా భుజించువానికి గాని, బొత్తిగా భుజింపనివానికి గాని, అతినిద్రాపరునకు గాని, నిద్రమానినవానికి గాని యోగము సిద్ధింపదని బోధించెను. ఆహారము, విహారము, నిద్ర, మేలుకొనుట మితముగా నున్నవానికే యోగము దుఃఖమును పోగొట్టును. నేర్చినది జ్ఞాపకమున స్థిరపడుటకు నిద్ర అవసరమని నేటి శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. రెండేండ్లు నిద్ర చాలని బాలునికి ఆ బాకీ తీర్చుకొనుటయు చదువునకు సాధనమే.

అట్లని సోమరితనమునకు విశ్రాంతి యని పేరు పెట్టరాదు. రాత్రి రెండు జాములవరకు సెల్‌ఫోను చూచి, మధ్యాహ్నము వరకు పడకపై దొర్లుట విశ్రాంతి కాదు. దానివలన కన్ను అలయును, మనస్సు మరింత చెదరును. విశ్రాంతి చిత్తమునకు నిలుకడ నీయవలెను. వేళకు నిద్ర, తెల్లవారుజామున కొంత నడక, తన బట్టలు తాను ఉతుకుకొనుట, అన్నము వండుట నేర్చుట, ఇష్టమైన కథల పుస్తకమో, సంగీతమో ఆస్వాదించుట విశ్రాంతికి తగిన పనులు. హాస్టలులో ఒంటరిగా నిలుచుటకు ఇవి కండరముల పేర్లకన్న ముందు అక్కరకు వచ్చును.

ఒక గృహమును ఊహింతము. వాకిట మంచముపై వృద్ధురాలైన నాయనమ్మ కూర్చున్నది. మోకాళ్ల నొప్పులచే ఆమె లేవలేదు. మనుమడు లోపలిగదిలో మోకాటికీలు నందలి బంధనముల పేర్లు వల్లించుచున్నాడు. సాయంకాలము ఆమె, “నాయనా, కొంచెము నూనె రాచెదవా?” అని పిలిచినది. “చదువుకొనుచున్నాను నానమ్మా, రేపు” అని బదులు వచ్చినది. ఎం.బి.బి.యస్.లో చదువు నాలుగున్నర సంవత్సరములు, ఇంటర్న్‌షిప్ ఒక సంవత్సరము. అతడు వైద్యుడై తిరిగివచ్చునాటికి ఆ మంచముపై ఆమె ఉండునో, లేదో! బంధనముల పేర్లు ఎప్పుడైనను నేర్వవచ్చును. ఆ సాయంకాలము మరల రాదు.

ఆమె వద్ద కూర్చున్నవాడు కోల్పోవునది ఏమియు లేదు. నొప్పి రాత్రివేళ ఎట్లు పెరుగునో, మందు మ్రింగుటకు పెద్దలు ఎందుకు వెనుదీయుదురో, బాధను దాచుకొని “బాగానే ఉన్నదిరా” అని ఎట్లు చెప్పుదురో అతనికి తెలియవచ్చును. రేపు ఆసుపత్రికి వచ్చు రోగి గ్రంథభాషలో మాటలాడడు. “కళ్లు తిరుగుచున్నవి, గుండె దడగా ఉన్నది, నడుము పట్టివేసినది” అనును. ఆ మాటల వెనుక నున్న బాధను వినగల చెవి ఇంటిలోనే సిద్ధము కావలెను.

మరి ముందుగా చదువుట దోషమా? కానేకాదు. తెలుగు మాధ్యమమున చదివిన బాలిక ఇంగ్లీషు పాఠము వినుటకు జంకుచున్నచో, దినమునకు ఒక గంట ఆ పదములను, వాటి ధాతువులను పరిచయము చేసికొనుట వివేకమే. గ్రీకు, లాటిన్ భాషల ధాతువులు కొన్ని తెలిసినచో పెద్ద పదములు విడివడి తేలికగును. దేహనిర్మాణమునందు సహజమైన కుతూహలము గలవానిని పుస్తకము ముట్టవలదనుటయు తగదు. పరీక్ష ఒక్కటే. రాత్రి పుస్తకము మూసినపుడు మనస్సున ఏమి మిగిలినది? “ఈ దేహమెంత అద్భుతము!” అను ఆశ్చర్యము మిగిలినచో ఆ చదువు మేలుచేయును. “ఇతరులు నన్ను మించిపోవుదురేమో!” అను గుబులు మిగిలినచో అది చదువు కాదు, పరీక్షనాటి భయమే వేషము మార్చి వచ్చినది. దానిని మాన్పవలసినవారు తల్లిదండ్రులే. బిడ్డకు పుస్తకము కొనియిచ్చిన చేతితోనే, “నేటికి చాలును” అని దానిని మూయగలుగుటయు వారి ధర్మమే.

కాంచీపుర ప్రాంతమున, పాలారు, వేగవతి, చెయ్యారు నదులు కలియుచోట తిరుముక్కూడల్ అను క్షేత్రమున్నది. అచ్చటి వేంకటేశ పెరుమాళ్ ఆలయమున, పదునొకండవ శతాబ్దికి చెందిన వీరరాజేంద్ర చోళుని శాసనము కలదు. ఆ ఆలయ ప్రాంగణమున వేదపాఠశాల, విద్యార్థులకు వసతి, పదునైదు పడకల ఆతురశాల నడచినట్లు దానివలన తెలియుచున్నది. వైద్యుడు, శస్త్రచికిత్స చేయువాడు, పరిచారికలు అందుండిరి. విద్యార్థులకు భోజనముతోపాటు దీపములకు నూనెయు, శనివారపు అభ్యంగనమునకు నూనెయు ఆ ధర్మకర్తలు ఏర్పరచిరి. రాత్రి చదువునకు దీపము ఎంత ముఖ్యమో, వారమునకొకనాడు తల చల్లబడుట అంత ముఖ్యమని వారికి తెలియును. ఆ రెంటిని ఒకే దానమున చేర్చి శిలపై చెక్కించిరి.

దీపము రానున్న ఐదున్నర సంవత్సరములు వెలుగవలసియున్నది. దాని కొరకు దాచిన నూనెను ఇప్పుడే ఒలకబోయక, ఈ నాలుగు మాసములును తలంటు నూనెకు విడుచుట ఉచితము. అట్లు సేదదీరిన బిడ్డ అలిపిరి వద్ద నిలిచిన యాత్రికునివలె, తొందరలేని పాదముతో, వినయముతో మొదటి మెట్టు ఎక్కును. వాకిట మంచముపై నున్న నాయనమ్మ ఆశీస్సు అతని వెంట నడచును.