ముందు ఎగిరినవాడు

అమెరికా నావికాదళంలో జెస్సీ బ్రౌన్ ఎన్‌సైన్. అధికారుల వరసలో అదే అడుగు మెట్టు. టామ్ హడ్నర్ హోదా అతనికంటే ఒక మెట్టు పైది. అయినా 1950 డిసెంబర్ 4న లేటీ అనే విమానవాహక నౌక మీంచి కోర్సెయిర్ విమానాలు లేచినప్పుడు ముందు నడిచింది బ్రౌన్. హడ్నర్ అతనికి వింగ్‌మన్, అంటే పక్కనే తోడుగా ఎగిరేవాడు. విమానం నడిపిన అనుభవం బ్రౌన్‌కే ఎక్కువ మరి. ఆ రోజు జరిగిన సాహసం గురించి అందరూ రాశారు. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం అంతకు ముందున్న ఈ ఏర్పాటు: నల్లవాడు దారి చూపుతుంటే తెల్లవాడు మారుమాట లేకుండా వెంట వెళ్లడం.

సాహసం సంగతి క్లుప్తంగా చెబుతాను. కొరియా యుద్ధంలో చోసిన్ జలాశయం దగ్గర చైనా సైన్యం చుట్టుముట్టిన అమెరికన్ మెరీన్లకు అండగా వెళ్లారు వాళ్లు. కింద నుంచి వచ్చిన తూటా తగిలి బ్రౌన్ విమానం మంచుకొండల మధ్య కూలింది. నుజ్జయిన కాక్‌పిట్‌లో కాలు ఇరుక్కుపోయింది. పైన చక్కర్లు కొడుతున్న హడ్నర్ చక్రాలు దించకుండానే తన విమానాన్ని ఆ పక్కన మంచులో దింపేశాడు. పొగలు కక్కుతున్న ఇంజన్ మీద చేతులతో మంచు పోశాడు. తర్వాత హెలికాప్టర్‌లో వచ్చిన చార్లీ వార్డ్ గొడ్డలి తెచ్చాడు. గొడ్డలికి ఆ లోహం లొంగలేదు. భార్య డైసీని తను ఎంతగా ప్రేమిస్తున్నాడో ఆమెకు చెప్పమన్నాడు బ్రౌన్. చీకటి పడుతుంటే ఇద్దరూ అతన్ని అక్కడే వదిలి రావాల్సి వచ్చింది. అప్పటికి బ్రౌన్‌కి 24 ఏళ్లు.

లెక్కల మనిషిని అడిగితే, ప్రాణం దక్కలేదు, పైగా ఇంకో విమానం పోయింది అంటాడు. హడ్నర్ కూడా సైనిక విచారణ తప్పదనే అనుకున్నాడట. అలా జరగలేదు. 1951 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ట్రూమన్ అతనికి అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చాడు. డైసీ ఆ సభలోనే ఉంది.

హడ్నర్ ధైర్యం కొన్ని క్షణాల్లో తీసుకున్న నిర్ణయం. దాన్ని తక్కువ చేయను. కానీ బ్రౌన్ ధైర్యం రోజూ చేయాల్సిన పని. మిసిసిపీలో హాటీస్‌బర్గ్‌లో పేదింట్లో పుట్టాడు. నల్లవాళ్లను సైనిక పైలట్లుగా ఎందుకు తీసుకోరని 1937లో, ఇంకా బడి పిల్లవాడిగా ఉండగానే, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి ఉత్తరం రాశాడు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పగలు చదువు, రాత్రి రైల్వేలో సరుకుల మోత. నల్లవాళ్లకు చాలాకాలం వంటా వడ్డనా తప్ప వేరే పని ఇవ్వని నౌకాదళంలో 1948 అక్టోబర్‌లో పైలట్ రెక్కలు సంపాదించాడు. నౌకాదళం శిక్షణ పూర్తిచేసి ఆ రెక్కలు అందుకున్న మొదటి నల్లజాతి అమెరికన్ అతనే. శిక్షణలో ఉన్నవాళ్లు పెళ్లాడకూడదన్న నిబంధన ఉన్నా డైసీని రహస్యంగా చేసుకున్నాడు. బయటపడితే పడ్డ కష్టమంతా నీళ్లపాలే. అన్నిటికీ తలవంచే మనిషి కాదన్నమాట.

రెండు గ్లాసుల పద్ధతి చూసిన మన ఊళ్లకు ఇందులో బరువు ఎక్కడుందో విడమరిచి చెప్పక్కర్లేదు. పక్కన కూర్చునే హక్కు కోసం ఒకడు అందరికంటే రెట్టింపు పనిమంతుడు కావాల్సి వస్తుంది. ఇక్కడే నాకు ఇబ్బంది. బ్రౌన్ అంత గొప్ప పైలట్ కాబట్టే హడ్నర్ దిగాడని కథ చెబితే, సాదాసీదా నల్లవాడు మంచులో పడి ఉంటే ఏమయ్యేది? మనిషి ప్రాణానికి ప్రతిభ అర్హత కాకూడదు. హడ్నర్ అలా బేరీజు వేశాడని నేననుకోను. ముందు వెళ్తున్నవాడు పడిపోయాడు, దిగాడు. ఆ రోజు అక్కడ రంగు అడ్డు రాలేదంటే, అందులో బ్రౌన్ కష్టం ఎంతో ఉంది. పతకం మాత్రం దిగినవాడి కథనే పెద్దది చేసింది.

ఇంకో ముక్క దాటేయడం నాకు చేతకాదు. విమానం కూలిన రెండు రోజుల తర్వాత సహచరులే వచ్చి, బ్రౌన్ శవం శత్రువు చేతికి చిక్కకుండా ఆ చోట నాపామ్ అనే నిప్పు బాంబులు వేశారు. అదే నాపామ్ ఆ యుద్ధంలో కింద ఉన్న చైనా కుర్రాళ్ల మీదా పడింది. వాళ్లకీ ఇళ్ల దగ్గర ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. వీరగాథలు వాళ్ల పేర్లు రాసుకోవు.

1973లో బ్రౌన్ పేరుతో ఒక ఫ్రిగేట్ నౌకాదళంలో చేరింది. 1994లో దాన్ని ఈజిప్టుకి ఇచ్చేశారు. 2013లో 88 ఏళ్ల హడ్నర్ మిత్రుడి అవశేషాలు వెతకడానికి ఉత్తర కొరియా వెళ్లాడు. వర్షాలకు దారులు మూసుకుపోయి అక్కడిదాకా చేరలేకపోయాడు. 2017లో అతనూ కన్నుమూశాడు, అమెరికాలో ఆర్లింగ్టన్ శ్మశానంలో సమాధి చేశారు. బ్రౌన్ ఇంకా ఇంటికి రాలేదు.