పిట్టగోడ ఎవరి కొరకు?



మొన్న ఆరాధన ముగిసిన తరువాత మా సంఘ పెద్దలలో ఒకరు మమ్మును ఇట్లు అడిగిరి: "అయ్యగారూ, మావాడు నెల్లూరులో పనికి కుదిరినాడు. అపార్టుమెంటులో ఇల్లు కొనమంటారా, ఊరి వెలుపల స్థలం తీసుకొని కట్టుకోమంటారా?" మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి.

ఈ రెండు త్రోవలును మన రాష్ట్రము త్రొక్కినవే. టిడ్కో వారు నెల్లూరు మొదలగు పట్టణములలో నాలుగంతస్తుల మేడలు లేపి 300, 365, 430 చదరపు అడుగుల ఇండ్లు కట్టిరి. 2020 డిసెంబరు 25న మొదలైన పథకములో పట్టణపు పేదలకు సెంటు, పల్లెలవారికి సెంటున్నర చొప్పున స్థలములు పంచిరి.

లెక్క చూడుడి. వేయి కుటుంబములకు సెంటు చొప్పున, వీధులు గాక, పదెకరములు కావలెను. 365 అడుగుల వేయి ఇండ్లను నాలుగంతస్తులుగా పేర్చినచో, మెట్లు, వీధులు గాక, రెండెకరములకు కొంచెము పైన చాలును. మిగిలిన నేల వరిచేనుగా, చెరువుగా నిలుచును. 2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరు పల్లపు పేటలలో నీరు చేరినది గదా! నీటికి చోటు ఉంచవలసియున్నది.

అయినను మేడయే అందరికిని మేలని చెప్పుటకు మాకు నోరు రాలేదు. వలలు బాగుచేసుకొనువాడు, చేపలు ఎండబెట్టునామె, గేదెను కట్టుకొనువాడు మూడవ అంతస్తులో ఏమి చేయుదురు? అట్టివారికి గోడకు గోడ ఆనించి వరుసగా కట్టిన చిన్న ఇండ్లు నడిమి త్రోవ. వాకిలి దక్కును, నేలయు కొంత మిగులును.

క్రొత్త ఇంటి మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఆజ్ఞ ఉన్నది. అది పైకెక్కినవాడెవడైనను పడి చావకుండునట్లు ఇచ్చిన ఆజ్ఞ. మేడ ఇండ్లలో ఆ పిట్టగోడ అందరిది. అందరిది గనుకనే ఎవరును పట్టించుకొనరు. మెట్లు, నీటి మోటారు, మురుగు కాలువ సంగతియు అంతే.

మేమును చుట్టు ప్రహరీతో వేరుగా ఇల్లుండవలెనని కోరినవారమే. ఆ ప్రహరీ వెలుపల చోటులేని పొరుగువాడున్నాడని అప్పుడు తలంచలేదు.

పెద్దాయనకు తుదకు ఇట్లు చెప్పితిమి: "పనికి దగ్గరైన మేడ ఇల్లే తీసుకొనుడి. అయితే మీ తల్లిగారి మోకాళ్లను తలంచి క్రింది అంతస్తులో చూడుడి. ఉమ్మడి ఖర్చులో మీ వంతు అడుగకమునుపే చెల్లించుడి."

మనకెంత నేల వచ్చునని అడుగుటకు ముందు, మన తరువాతివారికెంత మిగులునని అడుగుదము గాక.