దారి దిగాల్సింది ఎవరు?

బేతంచెర్ల చుట్టుపక్కల తండాల నుంచి బండల ఫ్యాక్టరీలకు సైకిల్ మీద పనికి పోయేవాళ్లను గమనించండి. వెనక లారీ హారన్ వినపడగానే తారు దిగి మట్టిలోకి పోతారు. నాపరాళ్ల లారీ దాటిపోయి, దుమ్ము కాస్త అణిగాక మళ్లీ రోడ్డెక్కుతారు. చిన్నప్పుడు మా నాయన సైకిల్ క్యారియర్ మీద కూర్చుని ఇది ఎన్నోసార్లు చూసినాను. ఒకసారి అడిగినాను: "మనమే ఎందుకు దిగాల నాయనా?" "పెద్ద బండి కదరా" అన్నాడు. ఆ జవాబుతో నాకు ఈనాటికీ తృప్తి కలగలేదు.

దిగడం తప్పు కాదు. ప్రాణం కాపాడుకోవడం తెలివి. కానీ దిగీ దిగీ, రోడ్డు పెద్ద బండిదేనని నమ్మడం వేరు. మొదటిది జాగ్రత్త, రెండోది లొంగుబాటు. చూసేవాళ్లకు రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. తేడా మన మనసులో ఉంటుంది.

దారితో మనది పాత బంధం. సుగాలీల పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దూరదేశాలు తిరిగినారు. రైళ్లు వచ్చినాక ఆ బతుకుదెరువు దెబ్బతింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. దాని కింద చేర్చిన ఎరుకల వంటి తెగలవాళ్లు పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి, అనుమతి చీటీ లేకుండా కదలరాదు. ఆ చట్టం దేశమంతటా 1952లో గానీ పూర్తిగా రద్దు కాలేదు. అంతకు రెండేళ్ల ముందే మన రాజ్యాంగం 19వ అధికరణం ద్వారా పౌరులందరికీ దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కు ఇచ్చింది. చీటీ పోయింది సరే, మట్టిలోకి దిగే సైకిల్ దాకా ఆ హక్కు వచ్చిందా?

"లారీ పన్ను కడుతుంది, సైకిల్ ఏం కడుతుంది?" అని కొందరంటారు. మనం కొనే సబ్బు మీదా పన్ను ఉంది. పైగా ఆ లారీలో పోయే బండలు మనం కోసినవే. లారీ డ్రైవర్ కూడా మనలాంటి కష్టజీవే, అతను మనకు శత్రువు కాడు. తప్పు ఎక్కడుందంటే, రోడ్డు వేసేటప్పుడు సైకిల్ తొక్కేవాణ్ణి లెక్కలోకి తీసుకోకపోవడంలో ఉంది.

సైకిల్ చిన్న వస్తువు కాదు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమం పేద స్త్రీలకు అక్షరాలతో పాటు సైకిల్ కూడా నేర్పింది. బీహార్ ప్రభుత్వం 2006లో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ల పథకం మొదలుపెట్టినాక బడిలో చేరే ఆడపిల్లలు బాగా పెరిగినారని పరిశోధకులు తేల్చినారు. మన రాష్ట్రంలోనూ బడిపిల్లలకు సైకిళ్లు ఇచ్చినారు. సైకిల్ ఇచ్చినారు, దారి ఇచ్చినారా?

మనవాళ్లు కోరేవి పెద్దవి కావు. తారు అంచు, పక్క మట్టి ఒకే ఎత్తులో ఉండాల. తండా మలుపు దగ్గర ఒక దీపం కావాల. ఎండకు నాలుగు వేపచెట్లు, బస్టాండు దగ్గర సైకిల్ భద్రంగా పెట్టుకునే చోటు కావాల. ఇవి తొక్కేవాళ్లకు తెలుసు, వాళ్లను అడిగేవాళ్లే లేరు.

మన యువకుల్లో ఇంకో మాట ఉంది: సైకిల్ అంటే నామోషీ. అప్పు చేసైనా మోటార్ సైకిల్ కొంటారు. కొనుక్కోవడం తప్పు కాదు. కానీ నోరున్నవాళ్లంతా సైకిల్ దిగిపోతే మిగిలేది ముసలివాళ్లు, కూలీలు, బడిపిల్లలు. వాళ్ల తరఫున అడిగేదెవరు?

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఒక ఉదయం పిల్లలను రోడ్డుకు దూరంగా, చెట్టు కింద కూర్చోబెట్టండి. ఎందరు నడిచినారు, ఎందరు సైకిల్ మీద పోయినారు, ఎందరు మట్టిలోకి దిగినారు, లెక్క రాయించండి. యువకులు ఆ కాగితాన్ని గ్రామసభకు తీసుకుపోవాల. లారీ వస్తే రేపు కూడా దిగుదాం. కానీ ఆ దారి మనది కూడా అని మరవకుండా దిగుదాం.