సమానమైన తూకం

మొన్న ఒక చర్చాగోష్ఠిలో బి.ఏ. చదివే కుర్రవాడొకడు నన్నొక ప్రశ్న వేశాడు. "సింధు నగరాల్లో రాజప్రాసాదమని తేల్చి చెప్పగల భవనం దొరకలేదంటారు. రాజుల సమాధులు లేవు. హరప్పా నుంచి లోథల్ దాకా అందరికీ ఒకే తూకం. మరి అది సమసమాజమే గదా, మాస్టారూ?" గదిలో చప్పట్లు మోగాయి. నేనూ ఔనన్నాను. ఇంటికి వచ్చిన తరువాత ఆ "ఔను" నన్ను చాలాసేపు నిద్రపోనివ్వలేదు. తెలుగు చెప్పుకునేవాడికి పురాతత్త్వంతో ఏం పని అని తప్పించుకోవచ్చు. కాని తూకం సమానంగా ఉన్నంత మాత్రాన న్యాయం జరిగినట్టేనా అన్న ప్రశ్న పురాతత్త్వజ్ఞులకు మాత్రమే సంబంధించింది కాదు గదా!

ముందు ఆ తూనికరాయిని చూద్దాం. సింధు తూనికరాళ్లలో చాలా భాగం చెర్ట్ అనే రాతితో చేసినవి. మన పూర్వులు నిప్పు పుట్టించుకున్న చెకుముకి రాయి ఈ కోవలోనిదే. స్పంజి వంటి సముద్రప్రాణుల ఒంట్లో సిలికా ఉంటుంది. అవి చచ్చి అడుగున చేరినప్పుడు ఆ సిలికా కరిగి, సున్నపు బురదలోకి ఇంకి, తిరిగి పేరుకొని, సున్నపురాతిలో గడ్డలు గడ్డలుగా మిగులుతుంది. ఎగువ సింధులో సుక్కూరుకు ఎదురుగా, నదికి తూర్పుగట్టున ఉన్న రోహ్రీ కొండల్లో ఇటువంటి గడ్డలు విస్తారం. దీనిలోని పలుకులు కంటికి ఆననంత సన్నం. చీలడానికి దీనికొక నిర్ణీతమైన వరస లేదు. అందుచేత గాజులాగా గుల్లవంటి నొక్కు పడి పగులుతుంది; దెబ్బ ఎక్కడ వేస్తే పెచ్చు ఎటు లేస్తుందో నేర్పరి ముందే లెక్కకట్టగలడు. 10 అంకెల కాఠిన్యమానంలో దీనిది సుమారు 7. మామూలు చాకు దీనిమీద గీత పెట్టలేదు.

తూనికరాయికి ఇంతకంటే ఏం కావాలి? చేతులు మారినా అరగదు. మూల చెక్కి మోసం చేద్దామంటే గాటు కనబడిపోతుంది. క్రీ.పూ. 2600 - 1900 మధ్య వందల మైళ్ల దూరంలో ఉన్న పట్టణాల్లో ఈ రాళ్లు ఒకే క్రమంలో దొరికాయి: 1, 2, 4, 8, 16, 32, 64. మొదటిది ఒక గ్రాముకు లోపే. అన్నిటికంటే ఎక్కువగా దొరికేది పదహారు వంతులది, సుమారు 13.7 గ్రాములు. (ఈ పదహారును మన పదహారణాల రూపాయితో ముడిపెట్టి మురిసిపోయేవారున్నారు. నడుమ ఉన్న వేల ఏళ్ల దారి చూపించందే అటువంటి మురిపెం చరిత్ర కాజాలదు.)

మన కుర్రవాడు ఈ సమానత్వాన్ని చూసి పొంగిపోయాడు. అందులో అతని తప్పేమీ లేదు. వీలర్, పిగట్‌ల తరం ఆంగ్లేయ పండితులు ఈ ఏకరూపతలోనే నిరంకుశాధికారాన్ని చూశారు. హరప్పాలోని చిన్న ఇళ్ల వరసలకు "కూలీ లైన్లు" అని పేరు పెట్టారు. వలసపాలకుడి కంటికి కూలీ లైన్లు కనబడటంలో వింత లేదు. 2021లో ఆడమ్ గ్రీన్ అనే పరిశోధకుడు దీనికి సరిగా ఎదురు తిరిగి, అక్కడ పాలకవర్గమున్నదనడానికి ఆధారం చాలదని వాదించాడు. ఉన్న రాళ్లు అవే. వాటి నుంచి ఒకరు నియంతను తీస్తే మరొకరు సమానత్వాన్ని తీస్తున్నారు.

అయితే ఆ రాళ్లతో ఏం తూచారు? పది కిలోలు దాటినవి లేకపోలేదు గాని, అత్యధికం చిన్నవి. పదమూడు గ్రాముల రాయితో ధాన్యపు బస్తా ఎవరూ తూచరు. పూసలు, లోహాలు, విలువైన సరుకులు తూస్తారు. పైగా హరప్పాలో నగరద్వారాల దగ్గర ఇవి ఎక్కువగా దొరకడాన్ని బట్టి, సుంకం వసూలుకు వాడి ఉంటారని కెనోయర్ వంటివారు అభిప్రాయపడ్డారు. అదే నిజమైతే ఆ తూకం వర్తకుడికీ సుంకరికీ మధ్య న్యాయం చెప్పింది. తూచడానికి తనదంటూ ఏమీ లేనివాడికి అది ఏం చెప్పింది?

మా అమ్మమ్మ తెలంగాణ పల్లె మనిషి. కరువు రోజుల్లో దొర గడీ నుంచి వడ్లు తెచ్చుకున్న సంగతులు చెప్పేది. ఇచ్చే కుంచం ఒకటి, పుచ్చుకునే కుంచం ఒకటి ఉండేవని మనమందరం విన్నాం, కథల్లోనూ చదివాం. కాని తమ ఊరి దొర కుంచం ఒక్కటేననీ, గింజ తేడా వచ్చేది కాదనీ అమ్మమ్మ ఒట్టేసి చెప్పేది. ఆ నిజాయితీ గల కుంచంతోనే నాగు కొలిచేవారు: పుట్టి తీసుకుంటే పంట నాటికి పుట్టిన్నర. కుంచం అబద్ధమాడలేదు. అన్యాయం కుంచంలో లేకుండానే ఇల్లు గుల్లయింది. దొంగకుంచం మీద ఎవరైనా తిరగబడతారు. సరైన కుంచం మీద తిరగబడటానికి ఎంతో చైతన్యం కావాలి.

ఇక రోహ్రీ కొండ మీదికి వెళదాం. అక్కడ చెర్ట్ పనిచేసిన చోట్లు లెక్కలేనన్ని. సన్నని బ్లేడులు తీయగా మిగిలిన నడిముక్కలు, పారేసిన పెచ్చులు గుట్టలుగా పడి ఉన్నాయి. కొన్నిచోట్ల ఆ పెచ్చుల నడుమ ఒక మనిషి మఠం వేసుకొని కూర్చునేంత ఖాళీ జాగా మిగిలి ఉందని బ్రిడ్జెట్ ఆల్చిన్ వర్ణించారు. నాకు తెలిసిన పురాతత్త్వ సమాచారంలో నన్ను ఇంతగా కదిలించింది మరొకటి లేదు. అతని పేరు ఏ ముద్రిక మీదా లేదు. ఉన్నా మనం చదవలేం. కాని అతని మోకాళ్లు ఎక్కడ ఆనాయో తెలుసు. ఏ దెబ్బ తప్పిందో కూడా పెచ్చు చెబుతుంది.

అతను స్వతంత్రుడా, ఎవరి కిందనో పనిచేశాడా? పెచ్చు చెప్పదు. అతను కొట్టిన రాయి ఎంత దూరం పోయిందో తెలుసుకోవడమే కష్టం. గోధుమరంగు చారలు చూసి గుజరాత్‌లో దొరికిన బ్లేడులన్నీ రోహ్రీవేనని చాలాకాలం రాశారు. కచ్ ప్రాంతపు షికార్‌పూర్ తవ్వకాల తరువాత ఆ నమ్మకం మీద సందేహాలు లేచాయి. రంగు పోలినంత మాత్రాన పుట్టిల్లు ఒకటి కాదు. రాతిలోని సూక్ష్మాంశాలను రసాయనికంగా పరీక్షించాలి. రాయి విషయంలోనే ఇంత జాగ్రత్త పడేవాళ్లం, సమాజం విషయంలో ఒక్క చప్పట్లకు లొంగిపోవడం ఏమిటి? గతంలో స్వర్ణయుగం వెదకడం సనాతనులకే పరిమితమైన జబ్బనుకుంటాం. మనకూ ఆ లక్షణాలున్నాయి.

ఆ పని చోట్లలో చాలావాటిని సున్నపురాయి క్వారీలు మింగేశాయి. అక్కడ సమ్మెట వేసిన కూలీని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ కొండ మీద రాయి కొట్టి బతికినవాళ్ల వరసలో అతనూ ఒకడు. ఎన్ని టన్నులు కొట్టాడో కాంట్రాక్టరు తూకంలో తేడా రాకపోవచ్చు. టన్నుకు ఎంత అన్నది ఎవరు నిర్ణయించారో మాత్రం అడగాలి.

ఈ వారం ఆ కుర్రవాడు కనబడితే నా "ఔను" వెనక్కి తీసుకుంటాను. "కాదు" అనీ అనను. తూనికరాళ్లు ఏ ఇళ్లలో దొరికాయి, పనివాళ్ల వాడల్లో ఎన్ని, ద్వారాల దగ్గర ఎన్ని, ఆ లెక్క ముందు చూడమంటాను.