ఉన్నిలో కత్తి

పస్కా పండుగకు బలి ఇచ్చే గొర్రెపిల్లను నీసాను నెల 14వ తేదీ మధ్యాహ్నం దాటాక వధించాలని యూదుల ధర్మశాస్త్రం. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చీకటి పడేదాకా విశ్రాంతి దినమైన సబ్బాతు. ఆ వేళలో జంతువును కోయకూడదు, నిప్పు రాజేయకూడదు, వీధిలో బరువు మోయకూడదు. మరి 14వ తేదీ శనివారమే వస్తే? రెండూ దేవుడి ఆజ్ఞలే. ఏది ఆగాలి, ఏది సాగాలి?

సుమారు రెండు వేల ఏళ్ల కిందట యెరూషలేములో ఈ చిక్కు వచ్చిందని యూదుల ధర్మచర్చల గ్రంథం తల్ముదు చెబుతుంది. పెద్దరికంలో ఉన్న బెతేరా వంశీకులకు జవాబు గుర్తులేదు. బబులోను నుంచి వచ్చిన హిల్లేలు అనే పండితుడిని పిలిపించారు. గుడిలో రోజూ ఇచ్చే నిత్యబలి సబ్బాతునాడు కూడా ఆగదు కదా, అది మానితే లేని కఠినశిక్ష పస్కా మానితే ఉంది కదా, అలాంటప్పుడు పస్కా ఎందుకు ఆగాలి అని ఆయన వాదించాడు. ఆయన్నే పెద్దను చేశారు. పీఠమెక్కిన హిల్లేలు, మీరు మహాపండితులైన షెమయా, అవ్తల్యోనులను సేవించి నేర్చుకోలేదని వాళ్లను మందలించాడు.

అప్పుడు ఎవరో అడిగారు: కత్తిని ముందురోజే గుడికి చేర్చడం మరిచిపోయినవాడు ఏం చేయాలి? హిల్లేలుకు గుర్తు రాలేదు. అలా మందలించిన గర్వం వల్లే జ్ఞానం జారిపోయిందని తల్ముదు ఆయన్ని కూడా వదల్లేదు. జనాన్ని చూద్దాం, వాళ్లకు తెలుసు అన్నాడాయన. మర్నాడు గొర్రెపిల్లను తెచ్చినవాడు కత్తిని తాను మోయకుండా దాని ఉన్నిలో గుచ్చి తోలుకొచ్చాడు. మేకపిల్లను తెచ్చినవాడు కొమ్ముల మధ్య ఇరికించాడు. అది చూశాక, గురువులు చెప్పింది ఇదేనని ఆయనకు జ్ఞాపకమొచ్చింది.

వాదం గొప్పదే. నా మనసు మాత్రం ఆ కత్తి దగ్గరే ఆగుతుంది. బలికే అనుమతి దొరికాక కత్తి మోయడం ఒక లెక్కా? మనమైతే అలాగే అనుకుంటాం. అత్యవసరం అనే మాట ఒకటి దొరికితే చాలు, మిగతా నియమాలన్నీ గట్టున పెట్టేస్తాం. ఆ జనం అలా అనుకోలేదు. ముందురోజే చేయగలిగిన పని సబ్బాతును తోసెయ్యదని తర్వాత రబ్బీ అకీవా సూత్రం చెప్పాడు. రబ్బీ ఎలియెజెరు ఒప్పుకోలేదు. వధే సాగుతున్నప్పుడు దానికి కావలసిన పనులు ఎందుకు సాగవని ఆయన ప్రశ్న. అదీ తీసిపారేసే మాట కాదు. అయినా నేను అకీవా వైపే.

తల్ముదుకు మూలమైన మిష్నా లెక్క మరీ సూక్ష్మం. వధించడం, రక్తం చల్లడం, కొవ్వు దహించడం సాగుతాయి. మాంసం కాల్చడం సాగదు, ఎందుకంటే చీకటి పడ్డాక కాల్చుకోవచ్చు. అందుకే మూడు జట్లుగా వచ్చే జనంలో బలి ముగించిన మొదటి జట్టు గుడి కొండ మీద, రెండో జట్టు ప్రాకారం దగ్గర, మూడోది ఆవరణలోనే మాంసంతో కూర్చునేవాళ్లు. రాత్రి భోజనానికి ఊరంతా ఎదురుచూస్తున్నా, పొద్దు పోయేదాకా ఎవరూ కదలకూడదు. ఒక ఆజ్ఞ గెలిచింది కదా అని రెండోదాన్ని తుడిచెయ్యలేదు. ఎంత తప్పదో అంతే జరిపారు. ఇంత ఓపికగా గీసిన హద్దు నాకు భక్తికి నిదర్శనంగా కనిపిస్తుంది.

క్రీ.శ. 70లో గుడి కూలడంతో యెరూషలేములో ఆ బలి ఆగిపోయింది. దాని గుర్తుగా పస్కా పళ్లెంలో కాల్చిన ఎముక ముక్క పెడతారు. 2025 ఏప్రిల్ 12న నీసాను 14వ తేదీ మళ్లీ శనివారమే పడింది. నియమం పాటించే ఇళ్లలో ఆ ఎముకను శుక్రవారం పొద్దు వాలకముందే కాల్చి ఉంచుకోవాల్సి వచ్చింది.